ఊఁ కొట్టించే పెట్టె

"ఈసారి తుపాకీ పేలదు," అంది చీఫ్ త్రిపురసుందరి. "ఒక ఫైలు పోతుంది. దాంతో పాటు ఒక మనిషి పోతాడు."

విజయవాడ, గవర్నర్‌పేట, 1999. బయట ఎరువుల కంపెనీ బోర్డు. లోపల సీక్రెట్ సర్వీస్. ఏజెంట్ అష్ఫాక్ నిలబడే విన్నాడు.

విదేశీ ముఠాలో రెండేళ్ళుగా దూరి ఉన్న మన మనిషి, కోడ్ నేమ్ 'కొంగ', రేపు సాయంత్రం ఐదింటికి తప్పించుకోవాలి. పడవ ఎక్కడ ఆగాలో రాసిన ఫైలు ఆఫీసు కంప్యూటర్లో ఒక్కటే ఉంది. రెండో కాపీ ఉంటే రెండో నోరున్నట్టే. నాలుగున్నరకి పడవవాళ్ళు ఫోన్ చేస్తే అది చూసి చెప్పాలి.

"కొంగ అసలు పేరు ముఠాకి తెలిసిపోయింది, తమలో అతనెవరో మాత్రం ఇంకా తెలీదు. ఇక్కడ ఆ పేరు తెలిసింది మనిద్దరికే. మూడోవాళ్ళెవరికి తెలిస్తే వాళ్ళే ముఠా మనిషి, పట్టు. నిరుటిలా కాకూడదు."

నిరుడు. అప్పుడూ ఇలాంటి ఫైలే పోయింది. నాగాయలంక దగ్గర ఓ మనిషి తిరిగి రాలేదు. యస్ కొట్టింది టైపిస్టు శౌరమ్మ. కానీ ఫైలు తీసేముందు తెర మీద అడిగే ఆ పెట్టె తయారుచేసింది అష్ఫాక్. "ఆర్ యూ ష్యూర్?" అని రోజుకి నలభైసార్లు అడిగేది. ఎంటర్ మీద వేలు పడితే చాలు, యస్. ఎంక్వయిరీలో అతను చెప్పింది రెండే మాటలు: "ఆపరేటర్ అజాగ్రత్త." ఆవిడ ఉద్యోగం ఊడింది.

మధ్యాహ్నం బస్సెక్కి కంకిపాడు వెళ్ళాడు. శౌరమ్మ అరుగు మీద మినుములు చెరుగుతోంది.

"ఏం బాబూ, నామీద రాయడానికి ఇంకేమన్నా మిగిలిందా?"

"ఆ పెట్టె మార్చాలండీ. ఎలాగో మీరే చెప్పాలి."

"కథ చెబుతుంటే ఊఁ కొడతాం. ఒప్పుకున్నామనా? కాదు, కానివ్వమని. పొద్దస్తమానం నువ్వడిగావు, నేను ఊఁ కొట్టాను. ఏది పోతుందో చెప్పావా? ఎవరు పోతారో చెప్పావా?" చేట దించింది. "చెయ్యి ఆగేలా అడుగు. ఊఁ అంటే సరిపోని ప్రశ్న అడుగు."

క్షమాపణ పెదాలదాకా వచ్చింది. ఈలోగా బస్సు వచ్చేసింది.

మర్నాడు నాలుగుంబావు. ఏసీ మెకానిక్ వేషంలో అష్ఫాక్ నిచ్చెన మీదున్నాడు. నోట్లో స్క్రూలు, స్పానర్ల పెట్టెలో వైర్‌లెస్. కింద కొత్త ఆపరేటర్ అనఘ. ఆమె వెనక సాఫ్ట్‌వేర్ ట్రైనర్ ఛాయాదేవి: నీలం షిఫాన్ చీర, ఫారిన్ సెంటు, ఢిల్లీ సిఫార్సు.

"డిస్క్ నిండిపోయిందమ్మా. ఈ ఇరవై పాత ఫైళ్ళూ తీసెయ్. అడిగినదానికల్లా యస్ కొట్టెయ్."

టక్. టక్. టక్. పద్నాలుగోదాని దగ్గర అనఘ వేలు ఆగింది.

"మేడమ్, ఇదేదో వేరేగా అడుగుతోందండీ." ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగుని కూడబలుక్కుంది. "'ఈ ఫైలు పోతే కొంగకి పడవ రాదు. ఎంటర్ కొడితే ఫైలు ఉంటుంది. తీసెయ్యాలంటే కొంగ అసలు పేరు టైప్ చేసి, మౌస్‌తో డిలీట్ నొక్కండి.' కొంగకి పేరేంటండీ?"

"నీకెందుకు? జరుగు." ఛాయాదేవి కీబోర్డు లాక్కుంది. గోళ్ళరంగు చెదరకుండా టైప్ చేసింది: గోపాలకృష్ణ. అక్షరం పొల్లుపోలేదు. నాలుగూ ఇరవై ఎనిమిది. బాణం డిలీట్ మీదికి జరిగింది.

అష్ఫాక్ స్క్రూలు ఉమ్మేసి, స్పానర్‌తో నిచ్చెన మీంచి దూకి మౌస్ వైరు పీకేశాడు.

"ఈ పేరు ఏ ట్రైనింగులో నేర్పారండీ?"

ఆమె బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత తిప్పితే పేలేది. అతని స్పానర్ ఆమె మణికట్టు మీద ముందే దిగింది. రెండో చేత్తో ఎంటర్ కొట్టాడు. ఫైలు నిలిచింది. ఫోన్ మోగింది. అనఘ చోటు చదివి చెప్పింది.

ఐదూ పదికి వైర్‌లెస్ పలికింది: "కొంగ పడవెక్కింది."

"బ్రిలియంట్!" త్రిపురసుందరి చెయ్యి చాచింది. "ఆ పెట్టె నీ ఐడియానేనా?"

ఊఁ అంటే సరిపోయేది.

"కాదు మేడమ్, శౌరమ్మగారిది. నిరుటి తప్పు మాత్రం నాది." అంతా చెప్పేశాడు.

సోమవారం శౌరమ్మ తన పాత కుర్చీలో కూర్చుంది. మొదటి పని: అష్ఫాక్ సస్పెన్షన్ ఆర్డర్. రెండు లైన్లు కొట్టి, కళ్ళజోడు పైనుంచి అతని వంక చూసింది.

"నీ పేరు చివర కె నా, క్యూ నా బాబూ? తప్పు పడితే మళ్ళీ నామీదే పెడతారు."