మూడు చేతుల గౌను

"ఈ మూడో చెయ్యి ఎవరికయ్యా?" అన్నారు జడ్జిగారు, గౌనును పైకెత్తి పట్టుకుని.

విజయవాడ కోర్టు హాలంతా నవ్వింది. నవ్వనివాళ్ళు ఇద్దరే. ఒకరు ఆ గౌను కుట్టిన అంకమ్మరావు. రెండోవారు దాన్ని ఉయ్యూరు నుంచి సంచిలో మోసుకొచ్చిన అతని అత్తగారు భద్రమ్మ.

"పిల్ల ఎదుగుతోంది కదండీ," అని నసిగాడు అంకమ్మరావు.

"ఎదిగితే చేతులు మొలుస్తాయా?" అంది భద్రమ్మ.

అంకమ్మరావుది నేతగాళ్ళ ఇల్లు. అన్నలు మగ్గం పట్టుకుంటే ఇతను కత్తెర పట్టుకుని వన్‌టౌన్‌లో టైలరింగ్ షాపు పెట్టాడు. మెడలో టేపు అలంకారానికే. మనిషి గుమ్మంలోకి వస్తే చాలు, కొలత కంటికి చిక్కేది. అలా ఊరందరికీ కుట్టాడు గానీ, భార్య హైమావతి ఇచ్చిన జాకెట్టు గుడ్డను మాత్రం "రేపు కుడతా" అంటూ బీరువా మీదే పెట్టాడు. హైమ సొంత చెల్లెలి పెళ్ళికి పాత జాకెట్టుతో వెళ్ళింది. వెళ్ళింది వెళ్ళినట్టే ఐదేళ్ళ కూతురు చిట్టితో పుట్టింట్లో ఉండిపోయింది. మాటా మాటా పెరిగింది. మధ్యలో పెద్దలు చేరి ఆజ్యం పోశారు. చివరికి ఒక జాకెట్టు గుడ్డ విడాకుల దాకా తెచ్చింది.

ఆలోచించుకోమని జడ్జిగారు ఇద్దరికీ గడువిచ్చారు. అందాకా చిట్టి తల్లి దగ్గరే ఉండాలి. పోషణ కింద తండ్రి పండగ పండక్కీ పిల్లకు బట్టలు కుట్టి స్వయంగా తెచ్చివ్వాలి, పిల్లను చూసుకోవడం అప్పుడే. కొలత కుదరకపోతే సరిచేసి మళ్ళీ తేవాలి.

ఆ చివరి షరతు అంకమ్మరావుకు వరమైంది. గౌను కుదిరితే మళ్ళీ పండగదాకా పిల్ల కనపడదు. కుదరకపోతే వచ్చే ఆదివారమే ఉయ్యూరు బస్సు ఎక్కొచ్చు! ఒక గౌనులో తల పట్టలేదు. ఇంకోదానికి బొత్తాలు లోపలివైపున్నాయి. చిట్టి మాత్రం ప్రతిదీ తొడుక్కుని, "మా నాన్న కుట్టాడు!" అంటూ వీధంతా ఊరేగేది. హైమ తలుపు చాటునుంచి చూసేది. ఆమె చూస్తోందని అతను చూసేవాడు. వెంటనే ఇద్దరూ ఏమీ ఎరగనట్టు పిల్లవైపు తిరిగేవాళ్ళు.

మూడో చెయ్యి చూశాక భద్రమ్మకు ఓపిక నశించింది.

"ఈయన కుట్టనూ వద్దు, రానూ వద్దు. రెడీమేడ్ గౌన్లు కొని పోస్టులో పంపమనండి బాబూ!" అని జడ్జిగారికి మొరపెట్టుకుంది.

అంకమ్మరావు బెంబేలెత్తిపోయాడు. పోస్టుమాను వస్తే చిట్టి ఎవరి మెడకు వేలాడుతుంది?

జడ్జిగారు హైమవైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. మీ ఆయన మంచి పనివాడని విన్నాను. కావాలనే చెడగొడుతున్నాడా?"

అతని చేతి పని హైమకు తెలియంది కాదు. నిజం చెబితే ఆదివారాలు ఆగిపోతాయి. ఆమె కొంగు సర్దుకుంది.

"మంచి పనివాడా? ఎవరన్నారండీ? కొలతలంటే ఏంటో ఆయనకి తెలీదు. తలగడ గలీబు కూడా వంకరగానే కుడతారు."

అంకమ్మరావు దిగ్గున లేచాడు. "గలీబు కూడానా! యువరానర్, ఇది పచ్చి అబద్ధ..."

పక్కనున్న లాయరు జీవరత్నం బూటుకాలితో అతని కాలు తొక్కాడు. "కూర్చోవయ్యా మహానుభావా! ఆవిడ నిన్ను గెలిపిస్తోంది."

"చేతకాకపోవడం నేరం కాదు," అన్నారు జడ్జిగారు, మీసాల్లో నవ్వుకుంటూ. "కుదిరేదాకా కుట్టనివ్వండి."

బయట వాన దంచుతోంది. భద్రమ్మ రిక్షా కోసం వెళ్ళింది. వరండాలో ఇద్దరూ మిగిలారు.

"నాకు కొలతలు తెలీవా?" అన్నాడు అంకమ్మరావు, ఉక్రోషంగా.

"మూడు చేతులు పెట్టినాయన్ని ఇంకేమనాలి?"

"ఎందుకు పెట్టానో నీకు తెలీదూ?"

"చిట్టి కోసం."

"ముందు చిట్టి కోసమే. తర్వాత తలుపు చాటు మనిషి కోసం కూడా."

హైమ చెంపలు ఎర్రబడ్డాయి. మొహం వానవైపు తిప్పుకుంది. "తలుపు చాటు మనిషి జాకెట్టు ఇంకా బీరువా మీదే ఉండుంటుంది," అంది.

ఆ ఆదివారం అతను రెండు పొట్లాలతో ఉయ్యూరులో దిగాడు. ఒకదాంట్లో చిట్టి గౌను, సరిగ్గా రెండే చేతులతో. రెండోదాంట్లో బీరువా మీది గుడ్డతో కుట్టిన మంగళగిరి జాకెట్టు.

"కొలత తీసుకోలేదుగా?" అంది హైమ.

"తలుపు సందులోంచి సగం కనపడ్డావు. మిగతా సగం గుర్తే."

"ఈ గౌను కుదిరితే మరి మీరు రావడానికుండదే?" ఆమె గొంతులో బెదురు వినపడింది.

"ఉండదు. కానీ దొంగకుట్టు కుట్టి ఎన్నాళ్ళు రాను హైమా? జాకెట్టు విషయంలో తప్పు నాదే. నువ్వు లేని ఇల్లు నాకు ఇల్లులా లేదు."

హైమ జాకెట్టు తీసుకుని లోపలికెళ్ళింది. తొడుక్కుని బయటికొచ్చింది. భద్రమ్మ చుట్టూ తిరిగి, భుజాలు లాగి, చంకలు తడిమి చూసింది. ఎక్కడా వంక దొరకలేదు.

"కుదిరింది. ఇక ఇతను రానక్కర్లేదు," అంది.

"అవునమ్మా, రానక్కర్లేదు," అంటూ హైమ లోపల్నుంచి ట్రంకుపెట్టె లాక్కొచ్చింది. "మేమే వెళ్తున్నాం."

భద్రమ్మ కూతురి మొహం చూసింది. వంగి పెట్టె గొళ్ళెం సరిగ్గా బిగించింది.

చిట్టి మాత్రం కొత్త గౌను వద్దని మారాం చేసింది. కోర్టు నుంచి తిరిగొచ్చిన మూడు చేతుల గౌనే వేసుకుని వీధిలోకి దూకింది. ఒక చెయ్యి అమ్మకిచ్చింది, ఒక చెయ్యి నాన్నకిచ్చింది. ఖాళీగా ఊగుతున్న మూడో చేతిని వెనకనుంచి ఎవరో పట్టుకున్నారు.

"పదండి," అంది భద్రమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "బస్టాండు దాకా నేనూ వస్తా."