అత్తగారి ఫాయిబుల్స్

ఆదివారం పొద్దున్న జూడిత్ మేడ దిగేసరికి టీపాట్ మీద ఉన్ని టోపీ లేదు. రోజూ ఆపాటికి అత్తగారు మురియల్ టీ కాచి, చల్లారకుండా పాట్‌కి టోపీ తొడిగి, కోడలి బద్ధకాన్ని తలుచుకుంటూ కూర్చునేది. ఇవాళ కోటూ చేతిజోళ్ళూ తొడుక్కుని వీధి గుమ్మం దగ్గర పెట్టె మీద కూర్చుంది.

"ఎక్కడికి అత్తయ్యా?"

"స్కార్‌బరో. మా ఎడ్నా దగ్గరికి. చెల్లెలు నా లోపాలు ఊళ్ళో చెప్పుకోదు. ఇక అక్కడే ఉంటాను."

గాలి ఎటు వీస్తోందో కనిపెట్టిన జూడిత్ మొగుడు క్లైవ్, అంత వానలోనూ గడ్డికోసే మిషన్‌కి నూనె పెట్టాలంటూ పెరటి షెడ్డులోకి జారుకున్నాడు.

విషయం జూడిత్‌కి అర్థమైంది. నిన్న చర్చి హాల్లో కేకులు అమ్ముతూ పక్కింటావిడతో, మా అత్తగారికి కొన్ని ఫాయిబుల్స్ ఉన్నాయిలెండి అని నవ్వింది. అత్తగారు వెనకాలే కప్పులు కడుగుతోంది.

"నేను లోపాలనలేదు."

"ఫాయిబుల్ అంటే ఇంకేమిటి? మనిషిలో వంకేగా."

"ఎదురింటి రాల్ఫ్ తాగొచ్చి మన కంచె మీద పడతాడు. దాన్ని ఫాయిబుల్ అంటామా?"

"ఎందుకంటాం? అది దుర్గుణం."

"మీరు కప్పులో టీ కన్నా పాలు ముందు పోస్తారు. గిన్నెల మిషన్లో కడిగిన చాకుల్ని తీసి మళ్ళీ కడుగుతారు. నడినెత్తిన ఎండున్నా గొడుగు లేందే గుమ్మం దాటరు. ఇవి దుర్గుణాలా?"

మురియల్ ఒళ్ళో ఉన్న గొడుగుని కోటు కిందకి తోసింది.

"నచ్చనివాళ్ళకి తప్పులుంటాయి అత్తయ్యా. ఇష్టమైనవాళ్ళకే ఫాయిబుల్స్. మా అమ్మ పోయాక ఆ మాట వాడుకోడానికి నాకు మీరే మిగిలారు."

అత్తగారు ఒక చేతిజోడు విప్పింది. కాసేపటికి రెండోది కూడా విప్పి, ముక్కు తుడుచుకుంది. పెట్టెని అక్కడే వదిలేసి వంటింట్లోకి నడిచింది.

సింకులో రాత్రి జూడిత్ వదిలేసిన టీ బ్యాగు నల్లగా ఆరిపోయి ఉంది. అది రోజూ ఉండేదే. రోజూ దాని మీద ఉపన్యాసమూ ఉండేదే.

మురియల్ టీ కాచేసరికి ఆ వాసనకి క్లైవ్ షెడ్డులోంచి తల బయట పెట్టాడు. తల్లి ఆ బ్యాగుని రెండు వేళ్ళతో పైకెత్తి కిటికీలోంచి కొడుక్కి చూపించింది.

"చూశావట్రా, నీ పెళ్ళాం ఫాయిబుల్."

జూడిత్ గిర్రున వెనక్కి తిరిగి, కళ్ళు తుడుచుకుంటూ ఉన్ని టోపీ కోసం వెతికింది. తర్వాత అత్తగారి కప్పులో పాలు ముందు పోసింది.