కొక్కేనికి తగిలించిన చొక్కా

నూలూ పాలిస్టరూ కలగలిసిన పాత గుడ్డల్ని విడదీసి కొత్త దారం తీసే ఆ ల్యాబ్‌లో ఒకటే చట్టం: కొక్కేనికి వేలాడిందల్లా ద్రావణంలోకే!

చట్టం మన మెకానిక్‌కి తెలియక కాదు, తొందర. అతను మనసు పారేసుకున్న పరిశోధకురాలు రేపే వేరే ఊరి ల్యాబ్‌కి వెళ్లిపోతోంది. ఇవాళ నోరు విప్పకపోతే ఇక ఆవలింతలకే విప్పాలి. అందుకే కొత్త చొక్కా తొడుక్కొచ్చాడు. తీరా వస్తే, గుడ్డలు చీల్చే యంత్రం జిప్పు మింగి మొరాయించింది. గ్రీజు అంటకూడదని చొక్కా విప్పి, కొక్కేనికి తగిలించి, యంత్రంలో తల దూర్చాడు.

తల బయటికి తీసేసరికి కొక్కెం ఖాళీ.

"ఏమండీ, ఇక్కడ నా చొక్కా..."

ఆమె గాజు జాడీ ఎత్తి చూపింది. అందులో సాలెగూడులాంటిదేదో తేలుతోంది.

"అయ్యో, నీదా? నూలంతా కరిగిపోయింది. మిగిలింది పాలిస్టరే."

"అది నూటికి నూరు పాళ్లు నూలండీ! కొట్టువాడు ఒట్టేశాడు."

"ఒట్టు కాదు, టోపీ వేశాడు. గుడ్డిగా నమ్మి గుడ్డ కొన్నావు. అయినా ఎంత శుభ్రంగా విడిపోయిందో చూడు!"

"మీకెప్పుడూ విడదీసే గోలే! ముడిపడదామనుకునేవాడి గోడు పట్టదు."

"ఎవరితో ముడి?"

కళ్లద్దాల పైనుంచి చూసింది. ఆ చూపుకి మనవాడు ద్రావణం అక్కర్లేకుండానే కరిగిపోయాడు.

"మీతో... నేను... అబ్బ, చొక్కా ఉంటే ధైర్యంగా చెప్పేవాణ్ని!"

"బనియన్‌తో చెబితే కాదంటానా?"

"మరి రేపు..."

"వెళ్తాను. ఆ పని నాకు కావాలి."

మనవాడి మొహం ఇస్త్రీ ఎరగని గుడ్డలా ముడతలు పడింది. అంతలోనే వెలిగింది.

"యంత్రాలు అక్కడా చెడతాయిగా? నేనూ వచ్చేస్తా!"

"చెడకపోతే నేను చెడగొడతాలే!"

ఆ నవ్వులకి ల్యాబ్ పెద్దావిడ తలుపు తోసుకొచ్చింది. ఆవిడ పరిశోధకురాలికి సొంత పిన్ని.

"ఏమిటే ఈ బనియన్ బాగోతం?"

"పెళ్లి చేసుకుంటున్నాం పిన్నీ."

పిన్ని చూపు ముందు యంత్రం మీదికే పోయింది. "ఇద్దరూ పోతే దీన్ని బాగుచేసేదెవరు?"

"పిలిస్తే పరిగెత్తుకొస్తానండీ!"

"అండీ ఏమిటి? అత్తయ్యా అను!" పిన్ని తన తెల్లకోటు విప్పి అతని మీదికి విసిరింది. "ముందు ఒళ్లు కప్పుకో అల్లుడూ!"