దేనికీ తగిలించని తీగ

అశ్వారావుపేట దాటాక, టేకు చెట్లు రోడ్డు మీదికి వంగే మలుపులో వెంకటప్పయ్య వర్క్‌షాపు ఉండేది. చుట్టుపక్కల మిల్లుల మోటార్లు, వాటి కంట్రోలు బోర్డులు అక్కడికే రిపేరుకు వచ్చేవి. ఎన్నో ఏళ్లుగా ఆ బోర్డుల నాడి పట్టి చూసేది సంసోను ఒక్కడే. పాత ఆసిలోస్కోపు మీటలు తిప్పి, ఆకుపచ్చ తెర మీద కరెంటు అలను చూసి, జబ్బు ఎక్కడుందో చెప్పేసేవాడు.

తొంభై ఏడు వానాకాలంలో వెంకటప్పయ్య చిన్న డిజిటల్ స్కోపు కొన్నాడు. ఇటుకంత ఉంది, రెండు అలలను ఒకేసారి చూపే రెండు చానెళ్లున్నాయి. దాన్ని కంప్యూటరుకు కలిపితే ఇక మీటలతో పనే లేదు. కీబోర్డు మీద టైపు చేస్తే చాలు, తెర మీద ఒక్కో గడికి ఎన్ని వోల్టులో, ఎంత సమయమో అదే మార్చుకుంటుంది. రన్ అంటే అల పరుగెడుతుంది. స్టాప్ అంటే నిలిచిపోతుంది. ఆ విద్య తెలిసినవాడు హరిలాల్. అడవి లోపలి తండా మనిషి, ఖమ్మంలో కంప్యూటరు నేర్చుకొని వచ్చాడు.

“సంసోనూ, సోమవారం నుంచి టెస్టింగు హరిలాల్ చూసుకుంటాడు. నువ్వు వైండింగు పని చూడు,” అన్నాడు వెంకటప్పయ్య.

ఇంటికి పోతే భార్య సంపూర్ణ కూడా అదే పేరు ఎత్తింది. “హరిలాలన్న వచ్చి మన రేడియో బాగుచేసి పోయిండు. ఎంత మంచోడో!”

సంసోనుకు అన్నం సయించలేదు. తన ఇంట్లో రేడియో... వాడు బాగుచేయడమా?

శనివారం పొద్దుగూకే వేళ. ముసురు పట్టింది. హరిలాల్ లూనా చప్పుడు అడవిలో కలిసిపోయేదాకా ఆగి, సంసోను టెస్టింగు గది తలుపు తీశాడు. వాడు పెట్టుకున్న సెట్టింగులన్నీ చెడగొడితే సోమవారం అందరి ముందూ వాడి పరువు పోతుంది. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

గదినిండా తడి గోనెల వాసన, మాడిన వార్నిషు వాసన. రేకుల మీద చినుకులు. స్విచ్చులు వేశాడు, స్కోపు వెలిగింది. దాని తీగ బల్ల మీద ఊరికే పడి ఉంది, దేనికీ తగిలించలేదు. అయినా తెర మీద ఒక అల... ఎగిరి లేచింది. కిందికి దిగింది. కాస్త ఆగి మళ్లీ లేచింది.

మోటారు అల అట్లా ఉండదు. అట్లాంటిది ఒకసారే చూశాడు, దవాఖానాలో, తండ్రి మంచం పక్కన గుండె మిషను మీద.

గడికి సమయం పెంచాడు. అలలు దగ్గర దగ్గరగా జరిగాయి. కీబోర్డు మీంచి చేయి తీశాడో లేదో, అంకె దానంతట అదే పాత చోటుకి వచ్చేసింది.

“వాడు లేకున్నా వాడి మాటే ఇంటవా?” పళ్లు కొరికాడు.

మళ్లీ మార్చాడు. మళ్లీ తిరిగొచ్చింది. భయం కంటే కడుపుమంటే ఎక్కువైంది. స్టాప్ అని కొట్టాడు.

అల పోయింది. గీత... సాపుగా.

అన్నీ ఆర్పేసి ఇంటికి వెళ్లిపోయాడు.

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే హరిలాల్ తండాకే చెందిన లాల్‌సింగ్ ఎదురయ్యాడు.

“అన్నా, హరిలాల్ పోయిండు. నిన్న పొద్దుగూకంగ. దెబ్బ లేదు, పాము కాటు లేదు. బండి మీద గట్లనే కూసోనున్నడు... హాండిలు పట్టుకొని.”

 సంసోనుకు లోపల ఏదో మూల, సిగ్గు లేకుండా, ‘ఇంక ఆ గది నాదే’ అనిపించింది. అట్లా అనిపించినందుకే భయమేసింది.

వర్క్‌షాపుకు పరుగెత్తాడు. పగలే అయినా ముసురుకు గదిలో చీకటి. ఆర్పేసిన స్కోపు వెలుగుతోంది. మొదటి చానెల్లో ఆ సాపు గీత. రెండో చానెల్లో ఒక అల... వేగంగా, తడబడుతూ.

మెడ మీద వేలు పెట్టుకున్నాడు.

అదే దెబ్బ. అదే తడబాటు.

రన్ అని కొట్టాడు. మొదటి గీత కదల్లేదు. మళ్లీ కొట్టాడు. కదల్లేదు. ప్లగ్గు పీకబోయి... ఆగాడు. పీకితే?

చెవి పక్కన తడి ఊపిరి, హరిలాల్ గొంతు.

“అన్నా... జర జరుగు. నేను చూస్త.”

తిరిగి చూస్తే ఎవరూ లేరు. కీబోర్డు మీద ఒక మీట మాత్రం మెల్లగా లోపలికి దిగింది.

ఆ స్కోపుకు చానెళ్లు రెండే. అయినా తెర అడుగున మూడో గీత మొలిచింది. సన్నగా, పిట్ట గుండెలా, చకచకా కొట్టుకుంటోంది.

ఇంటి దగ్గర సంపూర్ణకు ఆరో నెల.