కదలని పడవ

"ప్యాసింజర్ రైలు వంశధార వంతెన చేరేలోగా ఆ చివరి చాప్టర్ సంగతి చూడు," అన్నాడు చీఫ్ ఫోన్లో. "విదేశీ ముఠా వంతెన దగ్గరున్న తన బాంబువాడికి ఇచ్చే సిగ్నల్ అదే. కథలో పడవ బయల్దేరితే 'పేల్చు' అని. బయల్దేరకపోతే 'పోలీసులున్నారు, పారిపో' అని."

ఏజెంట్ త్రినాథ్‌కి చెమటలు పట్టాయి. బాంబులు అతనికి కొత్త కాదు. నవల చదివి బాంబు పేల్చేవాళ్లే కొత్త.

నరసన్నపేటలో బట్టల కొట్టు నడిపే సూర్యారావు, స్పానిష్ నవలల్ని ఏ దేశానిదీ కాని ఎస్పెరాంటో భాషలోకి మార్చి ఇంటర్నెట్‌లో పెడుతుంటాడు. ఎవరూ చదవరనే ముఠా వాటిని ఎంచుకుంది. పాపం, ఆయనకేమీ తెలియదు.

ఆకుపచ్చ నక్షత్రం బ్యాడ్జి పెట్టుకొచ్చిన పరాయివాళ్లకి అన్నం పెట్టడం ఎస్పెరాంటో వాళ్ల ఆనవాయితీ. త్రినాథ్ బ్యాడ్జిలో మైకు, చెవిలో బుల్లి స్పీకరు కూడా ఉన్నాయి.

"సలూటోన్," అని ఎస్పెరాంటోలో పలకరించాడు గడపలో.

"రా బాబూ, కాళ్లు కడుక్కో. ఇంకో సుట్టం కూడా వచ్చినాది."

లోపల కూర్చున్న ఆడమనిషి చీర మీద అదే నక్షత్రం. ఏ సిగ్నల్ వెళ్లాలో చూసుకోవడానికి వచ్చిన ముఠా మనిషి అనూరాధ. చీఫ్ చూపించిన ఫోటోలో కంటే అందంగా ఉంది. త్రినాథ్ గుండె జారిపోయింది.

ఆమె చేతులు కడుక్కోవడానికి లేవగానే త్రినాథ్ సూర్యారావు చెవిలో అంతా చెప్పి, పడవని ఆపేయమన్నాడు.

"రాసినాయన పడవని పంపిస్తే ఆపడానికి నానెవుడిని? ఇన్నేళ్లలో ఒక్క వాక్యం మార్సనేదు."

"రైల్లో జనం ఉన్నారండీ."

సూర్యారావు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఈలోగా అనూరాధ పిస్తోలుతో వచ్చింది. కిటికీ అవతల కారులోంచి ఆమెతో వచ్చిన ముఠా డ్రైవరు ఇటే చూస్తున్నాడు.

"చాప్టర్ పెట్టండి."

ఆయన ఏదో చెరిపి, ఏదో టైపు చేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. రైలు వంతెనకి ముందున్న కోటబొమ్మాళి స్టేషన్ దాటిందని త్రినాథ్ చెవిలో చీఫ్ చెప్పాడు.

అనూరాధ వంగి చదివింది. పక్కనే ఉన్న స్పానిష్ పుస్తకం చూసింది.

"ఇందులో పడవ బయల్దేరింది కదా?"

త్రినాథ్ ఆయనకి అడ్డంగా జరిగాడు.

"బయల్దేరినాదమ్మా," అన్నాడు సూర్యారావు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాలేదు. "నాను రాసిన దాంట్లో ఎల్లనేదు."

ఆయన రాసినదాన్నే ఇంటర్నెట్‌లో పెట్టే బటన్ ఆమె తనే నొక్కింది. డ్రైవరు తన ఫోన్లో ఆ చాప్టర్ చూసుకుని, మొహం పాలిపోయి, కారుతో సహా ఉడాయించాడు. అప్పుడు అనూరాధ పిస్తోలు దించింది.

"వాడు చూస్తుంటే దించలేకపోయాను. నేను చెప్పబోయిందే మీరు చేశారు." త్రినాథ్ వైపు తిరిగింది. "ముఠాలో దూరిన మన డిపార్ట్‌మెంట్ మనిషిని నేనే. చీఫ్ నీకు చెప్పలేదా? చెబితే ఇంత బాగా భయపడేవాడివి కాదులే."

రైలు వంతెన దాటింది. డ్రైవరూ, బాంబువాడూ హైవే మీద దొరికారు.

ఎవరూ చదవరని ముఠా అనుకుంది గానీ, ఆ ముగింపు తప్పని, మూలానికి ద్రోహమని సూర్యారావుకి పెరూ నుంచి, పోలండ్ నుంచి ఇప్పటికీ తిట్లు వస్తూనే ఉన్నాయి. జవాబు రాయడానికి డిపార్ట్‌మెంట్ పర్మిషన్ ఇవ్వలేదు.