ఓడెల్ చెప్పిన నాలుగు అంకెలు

న్యూఆర్క్‌లో మా వారపత్రికకు ఇరవై ఏళ్లుగా సంగీతం గురించి రాస్తున్నాను. 1959 మార్చిలో ఒక మధ్యాహ్నం ముగ్గురం స్టూడియోలో కూర్చున్నాం. రికార్డింగ్ చేసే ఎమిల్, ఐడెల్లా, నేను. ఐడెల్లా భర్త, డ్రమ్మర్ ఓడెల్ ప్రూయిట్, పోయి తొమ్మిది రోజులైంది.

ఓడెల్ పందొమ్మిదేళ్లు ఇతరుల బీబాప్ జాజ్ బ్యాండ్లలో వాయించాడు. సొంత పేరుతో చేసిన మొదటి ఆల్బమ్ ఇదే. పాటకు ముందు బ్యాండ్ నాయకుడు నాలుగు దాకా లెక్కపెట్టి వేగం అందిస్తాడు. ఈ టేపులో ఆ గొంతు ఓడెల్‌ది. రికార్డు వేసేటప్పుడు ఆ ముక్క కోసేయడం రివాజు.

"కోయకు ఎమిల్," అంది ఐడెల్లా. "బతుకంతా ఎవడో లెక్కపెడితే ఆయన వాయించాడు. ఈ ఒక్కసారే ఆయన లెక్కపెట్టాడు."

"ఉంచితే కంపెనీవాళ్లు నన్ను కోస్తారమ్మా."

ఆమె నావైపు తిరిగింది. "థర్మన్, రికార్డు అట్ట వెనక రాసేది నువ్వేగా. నువ్వైనా చెప్పవయ్యా."

"పాటతో మొదలైతేనే బాగుంటుంది," అన్నాను. "కోసెయ్."

ఆమె కోటు వేసుకుంది. "ఆయనకే చెప్పుకోండి," అని వెళ్లిపోయింది.

ఎమిల్ బ్లేడుతో ముక్క కోసి బుట్టలో వేశాడు. టేపు అతికించి తిప్పాడు.

ఒకటి... రెండు... మూడు... నాలుగు.

బుట్టలోకి చూశాడు. ముక్క అక్కడే ఉంది. మళ్లీ కోశాడు. ఈసారి గొంతు మైకుకు దగ్గరగా వచ్చింది. గదిలో పిప్పర్‌మెంటు వాసన... ఓడెల్ ఎప్పుడూ నమిలేది.

"నీకూ వినిపించిందా?" ఎమిల్ గుసగుసలాడాడు. తలూపాను.

మూడోసారి కోశాక గొంతు లేదు. పాట తిన్నగా మొదలైంది. ఇద్దరం నవ్వుకున్నాం.

జూన్‌లో రికార్డు వచ్చింది. ఆ వారమే ఎమిల్ ఫోన్ చేశాడు. "యంత్రం ఆపే ఉంది థర్మన్. సోమవారం 'ఒకటి' అన్నాడు. నిన్న 'రెండు'. ఇవాళ పొద్దున 'మూడు'."

"పోయి పడుకోవయ్యా," అన్నాను.

మర్నాడు కుర్చీలోనే పోయాడు. గుండె ఆగిందన్నారు.

మొన్న మా ఆఫీసులో, టైపురైటర్ల చప్పుడు మధ్య, 'ఒకటి' విన్నాను. నిన్న 'రెండు'. ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ ఐడెల్లా ఫోన్ చేసింది. గొంతులో సంతోషం.

"కోయలేదన్నమాట. నాకు పంపిన రికార్డులో ఆయన లెక్క అలాగే ఉంది. నీ పుణ్యమేనయ్యా. ఉండు, ఫోను దగ్గర పెడతాను, విను."

సూది గీతలో పడిన చప్పుడు. చిన్న గరగర. పిప్పర్‌మెంటు వాసన...

'మూడు' అన్నాడు ఓడెల్.

ఫోనులో కాదు.