దగ్గు వినపడని షెడ్డు

ఏం వదినా, పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్‌లో కథ చదువుతున్నావా? చదువు, చదువు. పాలు పొంగితే పొయ్యి తుడుచుకోవాల్సింది నువ్వే, నాకేం.

రాష్ట్రం విడిపోయిన మరుసటేడు. మార్కాపురంలో పలకల షెడ్డు నడిపే నరసింహులు ఆ పొద్దున పెళ్ళివారిల్లంత హడావుడి చేస్తున్నాడు. కూతురు చెంచులక్ష్మి ఎంబీఏ కాలేజీలో లెక్చరర్. వ్యాపారి తన పనివాళ్ళ మంచిచెడ్డలు, ఊరి మంచిచెడ్డలు ఎందుకు చూడాలో పాఠం చెబుతుంది. కంపెనీల సామాజిక బాధ్యత అని దానికి పెద్ద పేరు. ఆ రోజు కాలేజీ పిల్లలకు షెడ్డు చూపించడానికి వస్తానంది.

షెడ్డు ఇంటి వెనకే. రాయి కోసే మిషన్లు తిరిగితే బూడిదరంగు పొడి వంటింటి గడప దాటి వస్తుంది. నరసింహులు మిషన్లు ఆపించి, నేలంతా నీళ్ళు చల్లించి, అందరి మూతులకూ కొత్త మాస్కులు కట్టించాడు. పలకలకు చట్రాలు బిగించే ఏసమ్మను మాత్రం పక్కకు పిలిచాడు.

"అక్కా, నువ్వు దగ్గుతావుంటే పిల్లలు పాఠం మర్చిపోతారు. ఇంటికి పో."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పోయింది. ఆ షెడ్డులో దగ్గు ముదిరినవాళ్ళకు ఇచ్చే సెలవు అదే. మళ్ళీ కబురు రాదు.

వంటింట్లో భార్య సుబ్బరత్నమ్మ దగ్గింది.

"ఏంది, నువ్వు కూడానా?"

"తాలింపు ఘాటు."

"ఇన్నేళ్ళయినా మిరపకాయతో నీకు స్నేహం కుదర్లేదే."

పిల్లలు వచ్చారు. "మీ మేడమ్ నా పలకల మీదే సున్నాలు చుట్టింది" అని నరసింహులు నవ్వించాడు. వాళ్ళు అన్నీ చూసి, రాసుకుని వెళ్ళారు. మధ్యాహ్నం కూతురొక్కతే తిరిగి వచ్చింది.

"ఎట్లుంది మన షెడ్డు?" అన్నం కలుపుతూ అడిగాడు.

"ఏసమ్మత్త యాడ నాయన?"

"చుట్టాలింటికి పోయింది."

"ఇంట్లోనే ఉంది. ఇప్పుడే పిల్లలను ఆమె కాడికి తీస్కపోయినా. ముందే చెప్పి వస్తే యజమాని ఏం దాచిపెడతాడో చూడమన్నా. ఈ రోజు పాఠం అదే."

నరసింహులు ముద్దను కంచంలో పడేశాడు. "కన్నతండ్రిని పాఠం చేసినావా? నిన్ను చదివించింది ఈ షెడ్డే."

"తెలుసు. అందుకే నాకు అన్నం దిగడంలే. పోయిన వారం అమ్మకు ఎక్స్‌రే తీయించినా. ఏసమ్మత్తకు ఉన్నదే అమ్మకూ ఉంది. ఊపిరితిత్తుల్లో రాతి పొడి పేరుకుపోయిందంట. నయం కాదంట."

నరసింహులు నవ్వబోయాడు. "మీ అమ్మ షెడ్డులో కాలు పెట్టదు గదా."

"నీ చొక్కాలు రోజూ దులిపేది ఎవరు నాయన? షెడ్డు వైపు కిటికీ ముందర వంట చేసేది ఎవరు?"

అతను ఆ కిటికీని చూసి కంచం మీదికి వంగాడు. కన్నీళ్ళు అన్నంలో పడ్డాయి.

"దుమ్ము లాగే గొట్టాలు పెట్టించే దాకా మిషన్లు తిరగవు. ఏసమ్మక్కను నేనే ఆస్పత్రికి తీస్కపోతా" అన్నాడు. చెంచులక్ష్మి వచ్చి పక్కన కూర్చుని అతని భుజం మీద చెయ్యి వేసింది.

అతను భార్య వైపు తిరిగాడు. "ఊరందరినీ ఏమార్చేవాడిని. నన్నెట్ల ఏమార్చినావే? ఒక్క మాట చెప్పకూడదా?"

సుబ్బరత్నమ్మ మజ్జిగ పోస్తూ నెమ్మదిగా అంది.

"దగ్గేవాళ్ళను ఇంటికి పంపిస్తావు గదా. నేనుండేదే ఇంట్లో. నన్ను యాడికి పంపిస్తావోనని."